వెన్నుపాము గాయమైనవారిలో పడిపోతామన్న భయాన్ని కొలిచే పద్ధతి

వెన్నుపాము దెబ్బతిన్న వ్యక్తిని "పడిపోతానన్న భయం ఉందా?" అని ఒక్క ముక్కలో అడిగితే చాలాసార్లు "లేదు" అనే జవాబే వస్తుంది. భయమని ఒప్పుకోవడం కొందరికి నామోషీ. మరికొందరు భయపెట్టే పనులను ఎప్పుడో మానుకుని ఉంటారు కాబట్టి వారికి భయపడవలసిన సందర్భమే ఎదురుకాదు. అందుచేత ఒక్కొక్క పనిని విడిగా తీసుకుని, అది చేసేటప్పుడు పడిపోతామేమోనన్న ఆందోళన ఎంత ఉంటుందో అడగాలి.

ముందుగా ఆ వ్యక్తి ఎలా తిరుగుతున్నారో తేల్చుకోవాలి. చక్రాల కుర్చీ వాడేవారి కోసమే రూపొందించిన స్పైనల్ కార్డ్ ఇంజురీ ఫాల్స్ కన్సర్న్ స్కేలు అనే ప్రశ్నావళిని ఆస్ట్రేలియా పరిశోధకులు 2010లో ప్రచురించారు. బట్టలు వేసుకోవడం, మంచం మీద కదలడం, కారు ఎక్కి దిగడం, ఎగుడుదిగుడు నేల మీద కుర్చీ తోసుకుంటూ వెళ్లడం వంటి 16 పనులు అందులో ఉంటాయి. "అసలు ఆందోళన లేదు" అంటే 1, "చాలా ఎక్కువ" అంటే 4 చొప్పున వేస్తే మొత్తం 16 నుంచి 64 మధ్య వస్తుంది. నడవగలిగినవారికి ఫాల్స్ ఎఫికసీ స్కేల్ ఇంటర్నేషనల్ అనే మరో ప్రశ్నావళి నయం. అది మొదట వృద్ధుల కోసం తయారైనదే అయినా మెట్లు, జారుడు నేల వంటివి అందులోనే ఉన్నాయి. దానికీ 16 ప్రశ్నలు, 64 గరిష్ఠం కావడంతో రెండింటి అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చాలనిపిస్తుంది కానీ, అడిగిన పనులు వేరు కాబట్టి అలా పోల్చకూడదు.

ప్రశ్నలను ఏకాంతంగా, ఆ వ్యక్తినే అడగాలి. పక్కనున్న కుటుంబసభ్యులు అందుకుని జవాబు చెబితే అది వారి భయానికి కొలత అవుతుంది. ప్రస్తుతం చేయని పని వచ్చినప్పుడు ఖాళీగా వదలకుండా, "ఒకవేళ చేయవలసివస్తే ఎలా ఉంటుంది?" అని అడిగి అంకె వేయాలి, పక్కన "మానేశారు" అని రాసుకోవాలి. నా దృష్టిలో మొత్తం స్కోరుకన్నా ఈ చిన్న గుర్తే ఎక్కువ విలువైనది, ఎందుకంటే భయం మనిషి రోజువారీ జీవితంలోంచి దేనిని లాగేసుకుందో అదే చూపిస్తుంది.

వీలైతే ఒకటి రెండు పనులను కళ్లారా చూడాలి. నడుము కండరాలకు పట్టు లేని వ్యక్తి కింద పడిన ఫోనును తీయడానికి వంగే ముందు, ఒక మోచేతిని కుర్చీ వెనుక పిడికి మెలివేసి, రెండో చేతిని మెల్లగా కిందికి చాపుతారు. కాగితం మీద 1 వేసిన మనిషే ఇక్కడ రెండుసార్లు ఆగి, ఊపిరి బిగబట్టవచ్చు. ఆ తేడాను అబద్ధమనుకోకండి. అది నేర్చుకున్న జాగ్రత్తా, పైకి చెప్పుకోలేని భయమా అని నెమ్మదిగా అడిగి తెలుసుకోండి. స్పర్శ లేనిచోట ఎముక విరిగినా నొప్పి తెలియకపోవచ్చు, గాయం తర్వాత కాళ్ల ఎముకలు బలహీనపడతాయి కూడా. కాబట్టి ఆ భయంలో కొంత పూర్తిగా న్యాయమైనదే.

ఎన్నిసార్లు పడ్డారు, ఎక్కడ పడ్డారు, ఎవరు లేపారు అన్నది స్కోరులో కలపకుండా విడిగా నమోదు చేయాలి. కొన్నాళ్లకు మళ్లీ కొలిచేటప్పుడు అదే స్కేలును, అదే పద్ధతిలో అడగాలి. ఈలోగా చక్రాల కుర్చీ గానీ దాని మీద కూర్చునే దిండు గానీ మారి ఉంటే ఆ సంగతిని తేదీతో సహా స్కోరు పక్కనే రాయాలి.