పుస్తకం చదివి సైకిలెక్కుదాం – 3వ పాఠం: ఎక్కడ ఆపాలి?

పోయిన పాఠంలో సీటు ఎత్తు సరిచేసుకున్నాం. కిందికి దిగిన పెడల్ మీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా రావాలన్నాను. ఈసారి పానాతో పని లేదు. పుస్తకం ఎక్కడ మూయాలో నేర్చుకుందాం.

ముందు నా తప్పు చెప్తాను. పోయిన వానాకాలం సైకిల్ యాత్రల పుస్తకాలు మూడు వరసబెట్టి చదివాను. ఎవరెవరో మంచులో, ఎడారిలో తొక్కుతుంటే నేను మంచం మీద మిర్చి బజ్జీలు తింటూ వాళ్ల వెంట పోయాను. వానలు తగ్గేసరికి రెండు కిలోలు పెరిగాను. చైన్ తుప్పు పట్టింది. అధ్యాయం పూర్తిచేస్తే మనమే ఊరు చేరినంత తృప్తి. ఇంక కాళ్లకు పనేముంది?

అందుకే ఊరు చేరకముందే పుస్తకం మూసేయాలి. మిగతాది సైకిల్ మీద పోయి చదవాలి.

దీనికి ఐర్లండ్ రచయిత్రి డెర్వ్లా మర్ఫీ తన సైకిల్ యాత్ర మీద రాసిన ‘ఫుల్ టిల్ట్’ అనే పుస్తకం బాగా పనికొస్తుంది. పదో పుట్టినరోజుకు ఆమెకు ఒక పాత సైకిల్, ఒక అట్లాస్ వచ్చాయి. అప్పుడే ఇండియాకు తొక్కుకుంటూ రావాలనుకుంది. బయల్దేరింది మాత్రం 1963 జనవరిలో, 31 ఏళ్ల వయసులో, యూరప్ గడ్డకట్టిన చలిలో. సైకిల్ పేరు రోజ్. దానికున్న మూడు గేర్లు కూడా తీయించేసింది. ‘గేర్ల సైకిల్ కొన్నాక చూద్దాం’ అనే నా సాకు ఆ పేజీలోనే పోయింది.

రాత్రి పది పేజీలు చదవండి. ఇంగ్లిష్ టెన్షన్ పెడితే మూడే చాలు. యుగోస్లావియాలో తోడేళ్లు ఆమె మీద పడే ఘట్టం వస్తుంది. సరిగ్గా అక్కడ మూసి, పుస్తకాన్ని సంచిలో వేసి హ్యాండిల్‌కు తగిలించండి. పొద్దున్నే నల్లగొండ నుంచి పానగల్లుకు పోయి, ఉదయ సముద్రం కట్ట మీద కూర్చుని తెరవండి. ‘పరీక్షలా సారూ?’ అని ఎవరో ఒకరు అడుగుతారు, అడగనివ్వండి. అక్కడి ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీది నీడ పగలంతా కదలదు గానీ, మనం ఎండ ముదరకముందే కదలాలి.

పోనూ రానూ దాదాపు ఎనిమిది కిలోమీటర్లు, అరగంట తొక్కుడు. 80 కిలోల మనిషికి 250 కేలరీల చిల్లర ఖర్చవుతుంది. కిలో కొవ్వంటే సుమారు 7,700. తిండి పెంచకుండా రోజూ తొక్కినా కిలో తగ్గడానికి నెల పడుతుంది. తూకం మిషన్ చూసుకుంటూ నెల లాగడం నావల్ల కాలేదు. ‘తర్వాత ఏమైంది’ అన్న ఆత్రం మీద లాగాను.

ఈ వారం మూడు పొద్దులు చాలు. ఆపిన పేజీ, తొక్కిన దూరం పుస్తకం చివరి ఖాళీ కాగితం మీద రాసిపెట్టుకోండి. ఆమెకు తోడేళ్లు ఎదురైతే, పానగల్లు దారిలో మనకు కుక్కలు. వాటి సంగతి వచ్చే పాఠంలో.