గగన దూరం, ప్రయాణ సమయం: మీరే లెక్కేసుకోండి (3వ భాగం: గన్నవరం నుంచి సింగపూర్)

గత భాగంలో అక్షాంశ రేఖాంశాలను మ్యాప్‌లో చూసి రాసుకోవడం నేర్చుకున్నాం. ఇప్పుడు ఆ అంకెలతో దూరం తీద్దాం. ఫోన్‌లోని సైంటిఫిక్ కాలిక్యులేటర్ చాలు.

గుంటూరులో బయల్దేరినా, బెంజి సర్కిల్‌లో బయల్దేరినా విమానం లెక్క గన్నవరం రన్‌వే నుంచే మొదలవుతుంది. గన్నవరం: 16.53 ఉత్తరం, 80.80 తూర్పు. సింగపూర్ చాంగి: 1.36 ఉత్తరం, 103.99 తూర్పు. అన్నీ దశాంశాల్లోనే ఉండాలి. 16 డిగ్రీల 32 నిమిషాలను 16.32 అని రాశారో, అక్కడే 23 కిలోమీటర్లు తేడా కొడుతుంది. 32ను 60తో భాగించి కలపాలి.

అక్షాంశాల తేడా 15.17. డిగ్రీకి 111.2 కి.మీ. చొప్పున 1,687 కి.మీ. ఇది ఉత్తర దక్షిణాల దూరం.

రేఖాంశాల తేడా 23.19. దీన్ని నేరుగా 111.2తో గుణించకూడదు. భూమధ్యరేఖ నుంచి పైకి పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గర పడతాయి కదా. అందుకే రెండు ఊళ్ల అక్షాంశాల సగటు (8.95) తీసి, దాని కొసైన్‌తో కూడా గుణించాలి. కొసైన్ 0.988 రావాలి. మైనస్ 0.889 వచ్చిందంటే కాలిక్యులేటర్ రేడియన్లలో ఉందన్నమాట, డిగ్రీలకు మార్చండి. 23.19 × 0.988 × 111.2 = 2,548 కి.మీ.

ఇక పదో తరగతి పైథాగరసే: రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 3,056 కి.మీ. గోళం మీద కచ్చితంగా కట్టే గ్రేట్ సర్కిల్ లెక్కలో 3,048 వస్తుంది. ఎనిమిది కిలోమీటర్ల తేడాకు విమానం అర నిమిషం పైన కాస్త తీసుకుంటుంది, పట్టించుకోనక్కర్లేదు. ఢిల్లీ–టోక్యో లాంటి దూరాలకు మాత్రం ఈ సులువు పద్ధతి వాడొద్దు.

సమయానికి వద్దాం. జెట్ విమానం సగటున 450 నాట్లు, అంటే గంటకు దాదాపు 830 కి.మీ. అనుకోండి. 3,056ను 830తో భాగిస్తే 3.68 గంటలు. దీన్ని 3 గంటల 68 నిమిషాలని చదివేవాళ్లు బోలెడుమంది! 0.68ని 60తో గుణించాలి: 3 గంటల 41 నిమిషాలు. దీనికి అరగంట కలపండి. టికెట్ మీది సమయం గేటు నుంచి గేటుకు. టాక్సీవే (గేటుకూ రన్‌వేకూ మధ్య దారి) మీద విమానం నడక కూడా అందులోనే. పైగా పదివేల అడుగుల కింద సాధారణంగా 250 నాట్లు దాటనివ్వరు. మొత్తం 4 గంటల 11 నిమిషాలు. సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. ఉదయం 10కి ఎక్కితే అక్కడి టైం ప్రకారం సాయంత్రం 4:41కి దిగుతారు.

గాలి సంగతి వచ్చే భాగంలో. ఈలోగా ఒక్క హెచ్చరిక: గన్నవరం–శంషాబాద్ లాంటి చిన్న దూరాలకు ఈ సూత్రం సమయాన్ని తక్కువ చూపిస్తుంది. 264 కి.మీ.లో ఎక్కడం, దిగడంతోనే సరిపోతుంది, పూర్తి వేగం అందుకునే తీరిక ఉండదు. ఏటీఆర్ (రెక్కల మీద పంకాలుండే చిన్న విమానం) అయితే అసలు వేగమే తక్కువ.

అభ్యాసం: గన్నవరం నుంచి బ్యాంకాక్ సువర్ణభూమికి (13.69 ఉత్తరం, 100.75 తూర్పు) దూరం తీయండి. 2,165కి అటూ ఇటూ రావాలి. 2,241 వస్తే కొసైన్ మరిచారు.