సోల్ పాటలు వినడం నేర్చుకుందాం – 6వ పాఠం: ఒకే మనిషి, ఎన్నో గొంతులు

గత పాఠంలో, సోల్ (అమెరికా నల్లజాతివారి పాటల బాణీ) గాయకుడు మార్విన్ గే 1971 నాటి పాట ‘వాట్స్ గోయింగ్ ఆన్’ ఇచ్చి, అందులో ముఖ్యమైన గొంతులు ఎన్నో చెప్పమన్నాను. చాలామంది ‘ఇద్దరు గాయకులు’ అని రాశారు. ఇద్దరు కాదు, రెండూ మార్విన్‌వే. రెండు రకాలుగా పాడి పెట్టుకున్నాడు, ఏది బాగుంటే అది ఉంచుదామని. ఇంజనీరు పొరపాటున రెండూ ఒకేసారి వినిపిస్తే, అది నచ్చి అలాగే ఉంచేశాడు. మొదట్లో వినిపించే పలకరింపులు మాత్రం వేరేవాళ్లవి. వాటిని లెక్కలోకి తీసుకోకండి.

ఆ పాట అర్థం కాకుండా ఈ పాఠంలోకి రావద్దు, ఎందుకంటే అక్కడ అనుకోకుండా జరిగింది ఇక్కడ పద్ధతిగా మారింది. ఈసారి మన పాఠం 1978 డిసెంబరులో వచ్చిన డబుల్ ఆల్బమ్ (రెండు రికార్డులు, నాలుగు వైపులు) ‘హియర్, మై డియర్’. సన్నటి ఫాల్సెట్టో (మగవాళ్లు పైస్థాయిలో పాడే దొంగగొంతు), మామూలు గొంతు, గరుకు గొంతు, అడుగున కూనిరాగం: మార్విన్ తన మీద తనే పొరలు పొరలుగా పాడుకున్నాడు. కుర్రతనంలో మూన్‌గ్లోస్ బృందంలో హార్మనీ (వేర్వేరు స్వరాల్లో కలిసి పాడడం) పాడిన అలవాటు ఇక్కడ బాగా తెలుస్తుంది.

ఇక అందరూ పడే గొయ్యి. ఈ ఆల్బమ్ పేరెత్తితే చాలు, విడాకుల కథ మొదలవుతుంది. కథ నిజమే. విడాకుల ఒప్పందం ప్రకారం మార్విన్ భార్య ఆనా గోర్డీకి 6 లక్షల డాలర్లు ఇవ్వాలి. అందులో 3,05,000 ఈ ఆల్బమ్ అడ్వాన్సు నుంచి, మిగతాది దీని రాబడి నుంచి. ఆమె, మార్విన్ పాటలు విడుదల చేసే మోటౌన్ రికార్డు కంపెనీ అధిపతి బెర్రీ గోర్డీకి అక్క. ఇంత కథ దొరికాక పాట ఎవరు వింటారు? అప్పుడూ అదే జరిగింది. ఇంటి గొడవ బజారున పెట్టాడన్నారు, హిట్ పాట లేదన్నారు, ఆల్బమ్ సరిగ్గా అమ్ముడుపోలేదు. 1984లో ఆయన పోయాక, ఏళ్ల తర్వాతగానీ దీన్ని గొప్ప పనిగా గుర్తించలేదు. మీరు కూడా సాహిత్యం ముందేసుకుని ‘ఇది ఆవిడని తిట్టడమా, బతిమాలడమా’ అని తీర్పు చెప్పడానికి కూర్చుంటే, 1978లో విన్నవాళ్ల దగ్గరే ఆగిపోతారు. ‘ఆనాస్ సాంగ్’లో ఆమె పేరును సాగదీసి పిలిచే చోట వినండి. కోపం, ప్రేమ రెండూ ఆ ఒక్క పిలుపులో ఉన్నాయి. మాటల్లో వెతికితే దొరకవు. దయచేసి మొదటి వారం సాహిత్యం చదవకండి.

పల్లవి కోసం కూడా ఎదురుచూడకండి. మన సినిమా పాటలతో పెరిగిన చెవి పల్లవి తిరిగి రాకపోతే కంగారుపడుతుంది. ‘వెన్ డిడ్ యూ స్టాప్ లవింగ్ మీ, వెన్ డిడ్ ఐ స్టాప్ లవింగ్ యూ’ ఆరు నిమిషాల పైన సాగుతుంది, మనిషి తనలో తాను వాదించుకుంటున్నట్టు.

ఈ పాట వినడానికి నా దగ్గరి దారి ఒకటుంది. ఇదే పాట వాద్యాల వెర్షన్ ఆల్బమ్‌లోనే మూడో వైపున ఉంది. ముందు అది వినండి, బేస్ నోటికి వచ్చేదాకా. తర్వాత పాడిన వెర్షన్ పెడితే గొంతులు వాటంతటవే విడివడి కనిపిస్తాయి. ఫోన్ స్పీకర్‌లో వద్దు, పది రూపాయల ఇయర్‌ఫోన్ అయినా అంతకన్నా మేలు.

‘యాంగర్’, ‘ఈజ్ దట్ ఇనఫ్’ కూడా వినండి. ‘ఫంకీ స్పేస్ రీఇన్‌కార్నేషన్’ నాకంతగా ఎక్కదు, మీ ఇష్టం.

అభ్యాసం: ఆ ఆరు నిమిషాల పాటను రోజుకోసారి, వారం పాటు. ఒక్కో రోజు ఒక్క గొంతునే పట్టుకుని చివరిదాకా వెళ్లండి. అది ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు ఆగింది, నిమిషాలు సెకన్లతో రాయండి. ఏడో రోజు కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి, గొంతులన్నీ కలిసే చోటు గుర్తించండి. ఆల్బమ్ చివర్లో వచ్చే రీప్రైజ్ (అదే పాట చిన్నగా మళ్లీ రావడం) మాత్రం ఇప్పుడే వినవద్దు. ఏడో పాఠం దాని మీదే.