లినక్స్ డిస్ట్రోలో ఏ జేడీకేలు ఉంచాలి? సమస్య – పరిష్కారం

సమస్య: రిపోజిటరీలోని జావా ప్యాకేజీ చక్కగా ఇన్‌స్టాల్ అవుతుంది, నడపగానే 'అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్' అని ఆగిపోతుంది.

కారణం: బిల్డ్ చేసింది కొత్త జేడీకే (జావా ప్రోగ్రామ్‌లను తయారుచేసి నడిపే కిట్)తో, నడుస్తున్నది పాతదానిపై. ఎర్రర్‌లోని నంబర్ నుంచి 44 తీసేస్తే ఏ జావాకు బిల్డ్ అయిందో తెలుస్తుంది: 61 అంటే 17, 65 అంటే 21.

పరిష్కారం: డిస్ట్రో మొత్తానికీ డిఫాల్ట్ జేడీకే ఒక్కటే ఉండాలి, ప్యాకేజీలన్నీ దానితోనే బిల్డ్ కావాలి. పాత జావాపైనా నడవాల్సిన లైబ్రరీ అయితే కంపైలర్‌కు 'రిలీజ్' ఆప్షన్ ఇవ్వండి. 'సోర్స్', 'టార్గెట్' చాలవు. అవి బైట్‌కోడ్ (కంపైల్ అయ్యాక వచ్చే కోడ్) వెర్షన్‌ను తగ్గిస్తాయి గానీ, కంపైలర్ చూసేది కొత్త జేడీకే క్లాసులనే. అలా తయారైన జార్ ఫైల్ (జావా క్లాసుల కట్ట) జావా 8లో బైట్‌బఫర్ 'ఫ్లిప్' దగ్గర 'నో సచ్ మెథడ్' అంటూ పడిపోతుంది, ఎందుకంటే ఆ మెథడ్ రిటర్న్ టైప్ 9లో మారింది. ఇంకో సంగతి, జేడీకే 20 నుంచి జావా 7కు అసలు కంపైల్ చేయలేం.

సమస్య: డిస్ట్రోకు ఇంకా ఏళ్ల మద్దతు మిగిలే ఉంది, జేడీకేకు మాత్రం సెక్యూరిటీ ప్యాచ్‌లు ఆగిపోయాయి.

కారణం: విడుదల రోజున ఏది కొత్తదైతే దాన్నే తీసుకున్నారు. ఆరు నెలలకో జావా వస్తుంది. ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు ఉండేది) కాని వెర్షన్‌ను తర్వాతది రాగానే దాదాపుగా వదిలేస్తారు.

పరిష్కారం: స్థిరమైన డిస్ట్రోలో 17, 21, 25 లాంటి ఎల్‌టీఎస్‌లే ఉంచండి. ఆ ముద్ర చూసి సరిపెట్టుకోవద్దు. ఓపెన్‌జేడీకే (జేడీకే ఓపెన్‌సోర్స్ ప్రాజెక్ట్)లో ఆ బ్రాంచ్‌కు ప్యాచ్‌లు బ్యాక్‌పోర్ట్ చేసేవాళ్లు, అంటే కొత్త వెర్షన్ ప్యాచ్‌లను పాతదానికి తెచ్చేవాళ్లు ఎవరు, ఎప్పటిదాకా చేస్తామన్నారు అన్నదే అసలు లెక్క. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్‌లలో అప్‌డేట్‌లు వస్తాయి. మూడు జేడీకేలు ఉంచితే ఏడాదికి కనీసం 12 బిల్డ్‌లు, అదీ ప్రతి ఆర్కిటెక్చర్‌కూ, టెస్ట్‌లతో సహా. రెండు చాలు. మూడోది కావాలని అడిగేవాళ్లు దాని మెయింటెనెన్స్ కూడా నెత్తిన వేసుకోవాలి.

సమస్య: 17 నుంచి నేరుగా 21 బిల్డ్ చేయబోతే కాన్ఫిగర్ దశలోనే 'బూట్ జేడీకే' (బిల్డ్ చేయడానికి వాడే జేడీకే) సరిపోదంటుంది.

కారణం, పరిష్కారం: ఏ జేడీకే బిల్డ్‌కైనా దాని ముందు వెర్షన్ కావాలి, లేదా అదే వెర్షన్ అయినా ఉండాలి. అంటే 18, 19, 20 వరుసగా బిల్డ్ చేసుకుంటూ రావాలి. వాటిని బిల్డ్ రిపోజిటరీకే పరిమితం చేయండి, విడుదలలోకి రానివ్వకండి. 21 ఒకసారి తయారయ్యాక తనను తానే బిల్డ్ చేసుకుంటుంది.

సమస్య: డిఫాల్ట్‌ను 8 నుంచి 17కు మార్చగానే పాత ప్రోగ్రామ్‌లు వరసగా పడిపోతున్నాయి.

కారణం: జాక్స్‌బీ (ఎక్స్ఎంఎల్ లైబ్రరీ) 11లోనే పోయింది, నాష్‌హార్న్ (జావాస్క్రిప్ట్ ఇంజిన్) 15లో పోయింది. జేడీకే అంతర్గత క్లాసుల్లోకి రిఫ్లెక్షన్ (నడుస్తుండగానే క్లాసుల లోపలికి చూసే పద్ధతి)తో దూరే దారి కూడా 17లో మూసుకుపోయింది.

పరిష్కారం: జాక్స్‌బీని విడి ప్యాకేజీగా ఇవ్వండి. 'ఇనాక్సెసిబుల్ ఆబ్జెక్ట్' ఎర్రర్ వస్తే ఆ ప్రోగ్రామ్ లాంచర్ స్క్రిప్ట్‌లో మాత్రమే 'యాడ్-ఓపెన్స్' (ఆ మూసిన దారిని తెరిచే ఆప్షన్) పెట్టండి, సిస్టమ్ అంతటికీ కాదు. డిఫాల్ట్ మార్చే ముందే జావా ప్యాకేజీలన్నింటినీ ఒకసారి రీబిల్డ్ చేసి చూడండి.

సమస్య: ఒక్క ఆర్కిటెక్చర్‌లో మాత్రం జావా నత్తనడక నడుస్తోంది.

వెర్షన్ అడిగితే 'జీరో వీఎం' అని చూపిస్తే, అక్కడ జిట్ కంపైలర్ (నడుస్తుండగా బైట్‌కోడ్‌ను యంత్ర కోడ్‌గా మార్చేది) లేదు, ఉన్నది ఇంటర్‌ప్రెటర్ మాత్రమే. 32-బిట్ ఎక్స్86 పోర్ట్‌ను జేడీకే 25లో తీసేశారు. ఆ యంత్రాలు ఇంకా మీ జాబితాలో ఉంటే వాటి డిఫాల్ట్‌ను 21 దగ్గరే ఆపండి.