సోలార్ హీటర్ పైపులో గాలి పట్టేస్తే - నా అనుభవం

తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇల్లు. మిద్దె మీది ట్యాంకు కడిగించినప్పటి నుంచి కింద బాత్రూంలో సోలార్ వేడినీళ్ళ కుళాయి రెండుసార్లు తుస్సుమని ఆగిపోయేది. చన్నీళ్ళు మాత్రం ధారగా వచ్చేవి. వాషరు మార్చాం, రాత్రంతా కుళాయి తెరిచిపెట్టాం, ప్లంబరు వాల్వు కూడా మార్చాడు. డబ్బు దండగ.

అసలు సంగతి, వేడినీళ్ళ పైపు పిట్టగోడ ఎక్కి దిగుతుంది. ఆ ఎత్తు వంపులోనే గాలి చిక్కుకుంది.

తెల్లారకముందే, నీళ్ళు మరీ కాగి ఉండవని, పని మొదలుపెట్టా. మిగతా వేడినీళ్ళ కుళాయిలన్నీ కట్టేశా. చన్నీళ్ళ కుళాయికీ వేడినీళ్ళ కుళాయికీ మూరెడు హోసు తగిలించి, రెండువైపులా క్లిప్పులు బిగించా. ముందు వేడిది పూర్తిగా, తర్వాత చన్నీళ్ళది మెల్లగా తిప్పా. మావాడు మిద్దె మీద, సోలార్ ట్యాంకులోని గాలి బయటికిపోయే గొట్టం దగ్గర చెవిపెట్టాడు. "నాయనా, గుడగుడమంటా ఉంది!" అని అరిచాడు. ఆ చప్పుడు ఆగాక ఇంకో నిమిషం ఉంచి, చన్నీళ్ళది ముందు కట్టేసి, హోసు తీశా. వేడినీళ్ళు ధారగా దిగాయి.

మాకు చన్నీళ్ళ ట్యాంకు సోలార్ కన్నా ఎత్తులో ఉంది, అందుకే గాలిని వెనక్కి తోసెయ్యడానికి ఆ చన్నీళ్ళ ఒత్తిడి చాలింది. ప్రెజర్ పంపు ఉన్న ఇళ్ళలో ఎలాగుంటుందో చెప్పలేను. పైపులో ఉప్పు పేరుకుని ఉంటే మాత్రం ఇది పనిచేయదు.