నాన్న ఆయాసం, కాళ్ల వాపు ఎలా అదుపులోకి వచ్చాయంటే

మాది గాజువాక. నాన్నకు హార్ట్ ఫెయిల్యూర్. మందులు వేళకు వేస్తున్నా ఆయాసంతో మళ్లీ మళ్లీ ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చేది. చివరిసారి డిశ్చార్జ్ రోజున ఒక సిస్టర్ మమ్మల్ని కూర్చోబెట్టి, గుండె సరిగా పంప్ చేయనప్పుడు ఒంట్లో నీరు నిలుస్తుందని, చాలాసార్లు అది వాపు కంటే ముందే బరువులో తెలుస్తుందని ఓపిగ్గా చెప్పారు. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే, బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చాక, టిఫిన్‌కి ముందే బరువు చూసి క్యాలెండర్ మీద రాస్తున్నాం. 3 రోజుల్లో 2 కిలోలకు మించి పెరిగినా, పడుకుంటే ఊపిరాడక దిండ్లు ఎక్కువ కావాల్సి వచ్చినా వెంటనే ఫోన్ చేయమన్నారు. ఒకసారి అలాగే చేస్తే డాక్టర్ నీరు తగ్గించే మాత్ర డోసు మార్చారు, అడ్మిషన్ తప్పింది.

అసలు గొడవంతా ఉప్పు దగ్గరే. ఎండుచేపల పులుసో ఆవకాయో లేకపోతే నాన్నకు ముద్ద దిగదు (మన తీరంలో చాలా ఇళ్లలో ఇంతే కదా). రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాముల లోపే, అంటే సుమారు ఒక టీస్పూన్ అని సిస్టర్ కొలిచి చూపించాకే ఒప్పుకున్నారు. ఇప్పుడు తాజా చేప, నిమ్మరసం, వెల్లుల్లి. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి సొంతంగా కొని వేయకండి, వాటివల్ల ఒంట్లో నీరు నిలిచిపోతుంది. పొటాషియం కలిపిన ఉప్పు కూడా డాక్టర్‌ని అడిగాకే.