చరిత్ర చదవడం నేర్చుకుందాం, 5వ పాఠం: సంస్కర్త ఎక్కడ ఆగాడు?

పోయిన పాఠం అభ్యాసంలో చాలామంది ఒకేచోట బోల్తా పడ్డారు. అబ్రహాం కైపర్ (పాస్టర్‌గా మొదలై, సొంత పార్టీ పెట్టి హాలండ్ ప్రధాని అయిన డచ్ నాయకుడు) గురించి రాయమంటే "వలస పాలనను ఎదిరించిన పాస్టర్" అని రాసి పంపారు. అందుకే ఈసారి మ్యాపుల పాఠం వాయిదా వేస్తున్నా, ముందు ఇది తేలాలి.

కైపర్ పార్టీ, చర్చి సంగతులు మీకు తెలిసినవే, మళ్ళీ చెప్పను. డచ్ వలసగా ఉన్న జావా దీవి (ఇప్పటి ఇండోనేషియాలోది) రైతుల్ని పిండి హాలండ్ ఖజానా నింపుకోవడం పాపం అన్నాడు, నిజమే. కానీ బదులుగా ఏం అడిగాడో చూడండి, మైనర్ పిల్లల ఆస్తిని గార్డియన్ చూసినట్టు హాలండ్ ఆ జనాన్ని చూసుకోవాలన్నాడు, గార్డియన్‌ని దిగిపొమ్మనలేదు. 1901లో ఆయనే ప్రధాని, ఆ ఏడాదే డచ్ రాణి విల్హెల్మినా ప్రసంగంలో ఆ జనం పట్ల హాలండ్‌కి నైతిక బాధ్యత ఉందనే మాట వచ్చింది. ఆయన ప్రధానిగా ఉండగానే, 1904 జూన్ 14న, జావా పక్కనే ఉన్న సుమత్రా దీవిలోని కూతా రే అనే ఊరి మీద డచ్ సైన్యం పడి 500 మందికి పైగా చంపేసింది, ఆడవాళ్ళనీ పిల్లల్నీ కూడా.

అందుకే నోట్‌బుక్‌లో రెండు గళ్ళు గీయండి. ఎడమ గడిలో ఏం మార్చమన్నాడు, కుడి గడిలో ఏం వదులుకోమనలేదు. నేనైతే ఎప్పుడూ కుడిదే ముందు నింపుతా, ఎడమది ఎలాగూ ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. బటావియా (ఇప్పటి జకార్తా) పాస్టర్ వాన్ హోవెల్‌ని తీసుకోండి, 1848లో అక్కడ సంస్కరణలు కోరుతూ జరిగిన సభ తర్వాత సర్కారుతో చెడి హాలండ్ వెళ్ళిపోయి, పార్లమెంటులో బానిసత్వం మీద ఏళ్ళ తరబడి పోరాడాడు, ఎడమ గడి నిండిపోతుంది. కుడి గడిలో ఒక్క మాటే, వలస పాలన.

చట్టాలకీ ఇదే లెక్క. దక్షిణ అమెరికాలోని డచ్ వలస సురినామ్ గురించి "1863 జులై 1న సురినామ్‌లో బానిసత్వం రద్దు" అని రాసి ఫుల్‌స్టాప్ పెట్టేస్తున్నారు, దయచేసి పెట్టకండి! ఒక్కో మనిషికి 300 గిల్డర్ల (అప్పటి డచ్ డబ్బు) పరిహారం ఇచ్చారు, అది యజమానికి. విడుదలైనవాళ్ళకి పైసా లేదు, పైగా తోటల్లో పనిచేసినవాళ్ళు ఇంకో పదేళ్ళు సర్కారు నిఘాలో కాంట్రాక్టు మీద పనిచేయాలి. అంటే వాళ్ళకి విడుదల 1873లో. 2023 జులై 1న డచ్ రాజు బానిసత్వానికి క్షమాపణ అడిగినప్పుడు చాలామంది అది ముగిసి 150 ఏళ్ళని లెక్కపెట్టింది అందుకే. తేదీ రాస్తే పక్కనే "ఎవరికి?" అని రాయండి, ప్రతిసారీ.

అభ్యాసం, కష్టమైనదే ఇస్తున్నా. యాకోబస్ కాపిటైన్ చిన్నప్పుడు ఆఫ్రికాలో బానిసగా అమ్ముడుపోయాడు, 1742లో హాలండ్‌లోని లైడెన్ యూనివర్సిటీలో బానిసత్వం క్రైస్తవానికి విరుద్ధం కాదని వాదించాడు, తర్వాత పశ్చిమ ఆఫ్రికాలో డచ్‌వాళ్ళ ఎల్మినా కోటలో పాస్టర్ అయి పిల్లలకి బడి నడిపాడు. రెండు గళ్ళూ నింపి 20 వాక్యాలు రాయండి. "మంచివాడు", "చెడ్డవాడు" అనే మాటలు ఎక్కడా కనిపించకూడదు.